మెతుకు ఉడికిందని చెప్పే అయస్కాంతం

విజయవాడ నుంచి హైదరాబాదు వైపు బయల్దేరితే ఇబ్రహీంపట్నం రాకముందే పొగగొట్టాలు కనిపిస్తాయి. కాగితాల మీద ఆ చోటు పేరు డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం, ఊళ్లో అందరికీ వీటీపీఎస్. తాతారావు కృష్ణా జిల్లా వాడు, ఇంజనీరు, రాష్ట్ర విద్యుత్ బోర్డుకు అధ్యక్షుడిగా చేసినవాడు. 1979 నవంబరులో 210 మెగావాట్ల మొదటి యూనిట్ ఇక్కడ మొదలైంది. ఇప్పుడు 210వి ఆరు, 500ది ఒకటి, 800ది ఒకటి, మొత్తం 2,560 మెగావాట్లు. ఇంత పెద్ద కర్మాగారంలో జరిగే అసలు పని మాత్రం మనిషికి నిప్పు దొరికినప్పటి నుంచీ తెలిసినదే: నీళ్లు కాచడం. బొగ్గు మండుతుంది, బాయిలర్లో నీళ్లు ఆవిరవుతాయి, ఆ ఆవిరి 540 డిగ్రీల దాకా వేడెక్కి టర్బైను రెక్కల్ని తోస్తుంది. అలా పుట్టిన కరెంటు తీగల వెంట వంటింటి దాకా వచ్చి చేసే పనుల్లో ఒకటి మళ్లీ నీళ్లు కాచడమే.

ఒంట్లో నలతగా ఉండో, పనిచేసి అలిసిపోయో, ఏ కారణమూ లేకుండానో పొయ్యి దగ్గర నిలబడబుద్ధి కాని రోజు ప్రతి ఇంటికీ వస్తుంది. ఆ రోజు బియ్యం కడిగి, నీళ్లు పోసి, మీట నొక్కి పక్కకి వెళ్లిపోతాం. మిగతాది కరెంటు కుక్కర్ చూసుకుంటుంది. మామూలు ఇంటి కుక్కర్ 700 వాట్లు తీసుకుంటుంది. ఆ లెక్కన వీటీపీఎస్‌లోని ఒక్క 210 మెగావాట్ల యూనిట్ మూడు లక్షల కుక్కర్లను ఒకేసారి నడపగలదు. ఆ మూడు లక్షల గిన్నెల్లో ఏ ఒక్కదాని దగ్గరా మనిషి కాపలా ఉండక్కర్లేదు. ఈ యంత్రం చేసిన గొప్ప మేలు అదే. దాని వెనక ఉన్న కథ తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

అన్నం వండడంలో కష్టం నిప్పు రాజేయడంలో లేదు, ఎప్పుడు దించాలో తెలియడంలో ఉంది. మన ఇళ్లలో దానికి రెండు దారులుండేవి. మొదటిది వార్చడం. ఎక్కువ నీళ్లతో ఎసరు పెట్టి, అది మరిగాక బియ్యం పోసి, మెతుకు వేళ్ల మధ్య నొక్కి చూసి, పలుకు పోయిందనుకోగానే గంజి వార్చేస్తారు. ఇక్కడ తీర్పు చెప్పేది వండేవాళ్ల వేళ్లు. రెండోది అత్తెసరు. కొలిచి పోసిన నీళ్లన్నీ బియ్యం పీల్చుకునేదాకా సెగ తగ్గించి ఉంచడం. ఇందులో అన్నం అయిందనడానికి గుర్తు నీళ్లు ఇంకిపోవడం. క్షణం ఆలస్యమైతే అడుగంటుతుంది, ముందే దించితే పలుకు మిగులుతుంది.

యంత్రానికి మొదటి దారి అందదు. మెతుకు నొక్కి చూసే వేళ్లు దానికి లేవు. రెండో దారిలో మాత్రం ప్రకృతి తనంతట తానే ఒక సంకేతం ఇస్తుంది. నీళ్లున్నంతసేపూ గిన్నె అడుగు నూరు డిగ్రీలు దాటదు. ఎంత సెగ పెట్టినా ఆ వేడంతా నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చవుతుంది. మరుగుతున్న ఒక కిలో నీళ్లు పూర్తిగా ఆవిరి కావడానికి 2,260 కిలోజౌళ్లు కావాలి. ముప్పై డిగ్రీల నీళ్లను నూరుకు తేవడానికి పట్టేదానికి అది ఏడు రెట్ల పైమాట. నీళ్లు అయిపోయిన మరుక్షణం ఆ ఖర్చు ఆగిపోతుంది, గిన్నె అడుగు నూరు దాటి పైకి ఎగబాకుతుంది. ఆ ఎగబాకడాన్ని పసిగడితే చాలు, అన్నం అయినట్టే.

ఈ ఆలోచనకు ఆకారం రావడానికి చాలా ఏళ్లు పట్టింది. నిలబడకుండా వండుకోవాలన్న కోరిక మాత్రం అంతకన్నా పాతది. 1910 ప్రాంతంలో కలకత్తాలో ఇందుమాధవ్ మల్లిక్ అనే వైద్యుడు ఇక్‌మిక్ కుక్కర్ తయారు చేశాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన గిన్నెల్లో అన్నం, పప్పు, కూర పెట్టి, అడుగున కాసిని నిప్పులు వేసి మూస్తే ఆవిరికే అన్నీ ఉడికేవి. ఒంటరిగా ఉండేవాళ్లకీ ప్రయాణాల్లో ఉన్నవాళ్లకీ అది ఎంతో అక్కరకొచ్చింది. అందులో ఆగిపోయే తెలివి లేదు. నిప్పులు చల్లారడమే దాని ముగింపు. అయినా అలసిన మనిషి వంట గురించి ఒక వైద్యుడు మన దేశంలో అంత ముందే శ్రద్ధగా ఆలోచించాడన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆ తర్వాతి అడుగు జపానులో పడింది. 1945లో యుద్ధం ముగిసిన కొత్తలో మసారు ఇబుకా అనే ఇంజనీరు చెక్క తొట్టి అడుగున అల్యూమినియం పలకలు బిగించి, బియ్యం నీళ్లలోంచే కరెంటు పోనిచ్చాడు. నీళ్లున్నంతసేపు కరెంటు పారుతుంది, అవి ఇంకిపోతే దానంతటదే తగ్గిపోతుంది. సూత్రం అందంగా ఉంది, అన్నం మాత్రం ఒకసారి ముద్దగా, ఒకసారి పలుకుగా వచ్చేది. ఆ చెక్క కుక్కర్ అమ్మకానికి రాలేదు. ఇబుకా సంస్థ తర్వాత సోనీ అయింది.

నిలబడిన కుక్కర్ తోషిబాది, 1955 డిసెంబరు నాటిది. దాన్ని రూపొందించింది తోషిబాకు సరుకు అందించే చిన్న కర్మాగారం యజమాని యోషితాదా మినామి. ప్రయోగాల్లో అసలు బరువు మోసింది ఆయన భార్య ఫుమికో. రోజూ అన్నం వండి, ఏ వేడి దగ్గర ఎంతసేపు ఉంచితే మెతుకు ఎలా వస్తుందో కొలిచి రాసుకుంది. మరగడం మొదలయ్యాక సుమారు ఇరవై నిమిషాలు ఆ వేడిలో ఉంటే అన్నం కుదురుతుందని తేలింది. ఇప్పుడా ఇరవై నిమిషాలను గడియారం లేకుండా కొలవాలి. వాళ్లు రెండు గిన్నెలు పెట్టారు. లోపలి గిన్నెలో బియ్యం, బయటి గిన్నెలో ఒక కప్పు నీళ్లు. బయటి నీళ్లు ఆవిరైపోవడానికి సుమారు అంత సమయమే పడుతుంది. అవి అయిపోగానే వేడి నూరు దాటుతుంది, అడుగున ఉన్న రెండు లోహాల పట్టీ వంగి కరెంటు తెంపుతుంది. బయట చలి ఎక్కువైతే పట్టీ లెక్క తప్పేది. అందుకని చుట్టూ గాలి పొర ఉండేలా తొడుగు వేశారు.

మొదట చేసినవి 700. ధర 3,200 యెన్లు, అప్పట్లో చిన్న మొత్తం కాదు. విద్యుత్ సంస్థల ద్వారా, పల్లెల్లో వండి చూపించి అమ్మారు. నాలుగేళ్లలో జపాను ఇళ్లలో దాదాపు సగానికి చేరిందని తోషిబా చెబుతుంది. తెల్లవారకముందే లేచి కట్టెల పొయ్యి దగ్గర కూర్చునే ఆడవాళ్లకు ఆ మీట ఎన్ని గంటల నిద్ర తిరిగిచ్చిందో ఊహించుకోవచ్చు. ఫుమికో పేరు ఆ డబ్బా మీద ఉండాల్సిందని నాకనిపిస్తుంది.

మన ఇళ్లలో ఉన్న కుక్కర్లో రెండో గిన్నె లేదు. దాని బదులు వేడి పళ్లెం మధ్యలో, స్ప్రింగు మీద ఆని కిందికి నొక్కుకునే గుండ్రటి బొడిపె ఉంటుంది. గిన్నె పెట్టినప్పుడు దాని అడుగు ఈ బొడిపెకు ఆనుతుంది. అందులో ఒక ఫెర్రైట్ బిళ్ల, దాని కింద ఒక శాశ్వత అయస్కాంతం. మీట నొక్కితే అయస్కాంతం పైకి లేచి ఫెర్రైట్‌ను అతుక్కుంటుంది, కరెంటు పారుతుంది. ప్రతి అయస్కాంత పదార్థానికీ ఒక వేడి హద్దు ఉందనీ, అది దాటితే ఆకర్షణ పోతుందనీ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ క్యూరీ 1895లో తన పరిశోధనలో చూపించాడు. ఇనుముకు ఆ హద్దు 770 డిగ్రీలు, వంటకు పనికిరాదు. ఫెర్రైట్ వేరు. టోక్యోలో యోగొరో కాటో, తకేషి తకేయి 1930లో కనిపెట్టిన ఈ పదార్థంలో లోహాల పాళ్లు మారిస్తే హద్దును కావలసిన చోటికి జరపవచ్చు. కుక్కర్ బిళ్లకు దాన్ని నూరుకు కాస్త పైన, 103 డిగ్రీల దగ్గర పెడతారు. నీళ్లు ఇంకగానే అడుగు ఆ వేడి దాటుతుంది, ఫెర్రైట్ పట్టు వదులుతుంది, స్ప్రింగు అయస్కాంతాన్ని కిందికి తోస్తుంది, మీట టక్కున పైకొస్తుంది. చిప్పూ లేదు, ప్రోగ్రామూ లేదు.

అందుకే అది డెల్టా పల్లెలకు అంత చక్కగా సరిపోయింది. వేసవి సాయంత్రం వోల్టేజి 230 నుంచి 180కి పడిపోతే హీటరు వేడి దాదాపు నలభై శాతం తగ్గుతుంది. నిమిషాలు లెక్కపెట్టే యంత్రమైతే అన్నం పలుకుగా వదిలేస్తుంది. ఇది నీళ్లు ఇంకేదాకా ఎదురుచూస్తుంది కనుక ఆలస్యమైనా అన్నాన్ని సరిగ్గానే దించుతుంది. మధ్యలో కరెంటు పోయిందనుకోండి, మీట నొక్కే రకం కుక్కర్లో అయస్కాంతం అతుక్కునే ఉంటుంది, కరెంటు రాగానే వంట ఆగిన చోటి నుంచి సాగుతుంది.

ఈ యంత్రం మనల్ని వార్చడం నుంచి అత్తెసరుకు మార్చేసింది. వార్చినప్పుడు గంజితో పాటు పోయే బి విటమిన్లు ఇప్పుడు గిన్నెలోనే ఉంటున్నాయి, అది లాభం. గంజి మాత్రం ఇళ్లలోంచి పోయింది. నూలు చీరలకు పెట్టే గంజి, పశువుల కుడితిలో పోసే గంజి, జ్వరం వచ్చినవాళ్లకు ఉప్పు వేసి ఇచ్చే గంజి ఇప్పుడు ప్రత్యేకంగా కాస్తే తప్ప దొరకదు. అది నష్టమే.

కుక్కర్‌కు తెలిసింది అడుగు వేడి ఒక్కటే అని గుర్తుంటే బద్ధకపు రోజు వంట తేలికైపోతుంది. ఆ రోజుకి నా ఓటు పెసరపప్పు పులగానికి. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, నాలుగు గ్లాసుల నీళ్లు, ఉప్పు, చిటికెడు పసుపు, చెంచా నెయ్యి. నెయ్యి పొంగును అణుస్తుంది, మూత పక్కనుంచి నురగ కారదు. పెసరపప్పే ఎందుకంటే నూరు డిగ్రీల దగ్గర అన్నంతో పాటే ఉడుకుతుంది. కందిపప్పు అలా కాదు, దానికి ప్రెషర్ కుక్కర్లోని 120 డిగ్రీలు కావాలి లేదా చాలాసేపు కావాలి. చింతపండు కలిపే వంటకమైతే పప్పు మెత్తబడ్డాకే పులుసు పోయాలి, పులుపు తగిలిన పప్పు త్వరగా ఉడకదు.

కుక్కర్ గిన్నెలోనే పోపు వేయాలని చూసేవాళ్లకు మీట మాటిమాటికీ పైకొచ్చేస్తుంది. నీళ్లు లేని నూనె నూరును ఇట్టే దాటుతుంది, అయస్కాంతం అన్నం అయిపోయిందనుకుంటుంది. అందుకని మిరియాలు, జీలకర్ర, కరివేపాకు పోపు గరిటెలో విడిగా వేయించి చివర్లో కలపాలి. చక్కెర పొంగలికీ ఇదే సూత్రం. బెల్లం ముందే వేస్తే చిక్కటి పాకం అడుగున చేరి వేడెక్కి, బియ్యం ఉడక్కముందే మీట తన్నేస్తుంది. మీట పైకొచ్చాక పది నిమిషాలు మూత తీయకుండా ఉమ్మగిలనివ్వాలి. అడుగున తడి తక్కువ, పైన ఎక్కువ ఉన్న అన్నంలో ఆవిరి సర్దుకునేది ఆ పది నిమిషాల్లోనే. పొడిపొడిగా రావడం బియ్యాన్ని బట్టి కూడా ఉంటుంది. బాపట్ల పరిశోధనా కేంద్రం ఇచ్చిన సాంబమసూరి పాతబడినదైతే నీళ్లు కాస్త ఎక్కువ పీల్చి విడివిడిగా వస్తుంది. కొత్త బియ్యానికి నీళ్లు తగ్గించకపోతే ముద్దవుతుంది.

ఇంత తేలికగా దొరికే అన్నానికి ఖర్చు వేరేచోట రాసి ఉంటుంది. ఒక పూట కుక్కర్ పావు యూనిట్ దరిదాపు కాలుస్తుంది. మన బొగ్గుతో యూనిట్ కరెంటు తీయాలంటే సుమారు 700 గ్రాములు పడుతుంది, అంటే ఒక కుక్కర్ అన్నానికి దాదాపు 175 గ్రాముల బొగ్గు. దాని వేడిలో మూడో వంతు మాత్రమే కరెంటవుతుంది, మిగతాది పొగగొట్టంలోంచీ, చల్లబరిచే నీళ్లలోంచీ పోతుంది. ఇంధనం పొదుపు ఒక్కటే చూస్తే గ్యాసు పొయ్యే మేలు. పైగా మన దేశపు బొగ్గులో మూడో వంతు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ, బూడిదే. ఆ అన్నం తాలూకు యాభై అరవై గ్రాముల బూడిద మన వంటింటికి రాదు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు బూడిద చెరువుల్లో చేరుతుంది. ఎండాకాలం గాలి వీచినప్పుడు అక్కడివాళ్ల మేడల మీదా ఆరేసిన బట్టల మీదా పడుతుంది. కొంత సిమెంటులోకి, ఇటుకల్లోకి పోతోంది, అది ఇంకా పెరగాలి. ఎండ బాగా కాసే మధ్యాహ్నాల్లో సౌర విద్యుత్తు ఎక్కువగా దొరుకుతుంది. అప్పుడు మీట నొక్కితే ఈ లెక్క కొంతైనా తేలికవుతుంది.

వండిన అన్నం మిగిలితే, వేడిగా ఉంచే దీపం వెలుగుతూ గిన్నె అరవై డిగ్రీల పైన ఉన్నంతసేపు దానికి ఇబ్బంది లేదు. స్విచ్ ఆపి, మూత పెట్టి, గోరువెచ్చగా రాత్రంతా వదిలేయడమే ప్రమాదం. ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఆ వెచ్చదనంలో మేలుకుంటాయి. అన్నాన్ని పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. లేదంటే పాత పద్ధతిలో చల్లారిన అన్నంలో నీళ్లు, కాస్త మజ్జిగ పోసి ఉంచాలి. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లపు బ్యాక్టీరియా అన్నాన్ని పులియబెట్టి చాలా చెడ్డ సూక్ష్మజీవులను అణుస్తుంది. మర్నాడు ఉదయం ఆ చద్దన్నంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే రెండో రోజు కుక్కర్ మీట కూడా నొక్కక్కర్లేదు.