పేరు విడిచి తిరిగిన పాట

దక్షిణ తెలంగాణమున ఆత్మకూరు అను పేరుగల యూళ్ళు ఒకటికంటె నెక్కువ గలవు. పాలమూరు సీమలో, కృష్ణకు చేరువనున్న ఆత్మకూరు అమరచింత సంస్థానాధిపతులకు నివాసస్థానమై యుండెను. ముక్కెర వంశీయులైన ఆ ప్రభువుల కొలువునకు కవిపండితులు పోవుచుండిరి. పద్యము చదివి, సన్మానమందుకొని తిరిగి వచ్చుచుండిరి. గద్వాల, వనపర్తి సంస్థానములందును ఇదియే మర్యాద. మఱియొక ఆత్మకూరు నల్లగొండ సీమలో, మోత్కూరునకు సమీపమున, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. అచ్చట కొలువు లేదు, శాలువ కప్పువారును లేరు. అయినను ఆ పరిసరములందు పుట్టిన యొక పాట, సంస్థానముల పద్యములనేకము తాళపత్రములలో నిద్రించుచుండగా, నేటికిని ఊరూర వినబడుచున్నది.

ఆ పాట పసుల గాచు పిల్లవానిని గూర్చినది. 'పల్లెటూరి పిల్లగాడా' యని దానికి ప్రసిద్ధి. పాలు మఱచి యెన్నాళ్ళు కాలేదు, అప్పుడే జీతమునకు కుదిరినాడు. తాటియాకుల చెప్పులు తొడిగి తప్పటడుగులు వేయుచు మందవెంట నడచుచున్నాడు. అతనికి ముట్టు గ్రాసములో తాలు, కొలతలో మోసము. పాటలో దూషణ లేదు, ఆక్రోశము లేదు. ఒక పెద్దవాడు ఆ బాలుని ప్రక్కన నడచుచు, వాని మేనిపై నున్నదేమి, చేత నున్నదేమి, కాలి క్రింద నున్నదేమి యని చూచుచు పోవునట్లుండును. ఇది చిత్రకారుని చూపు. గీతకర్త గీసిన బొమ్మ యది. విన్నవాడు దానిని మఱువలేడు.

ఈ పాట యెవరిదని నలుగురి నడుగుడు. ఇద్దరైనను "జానపదము" అందురు. జానపదము కాదు. దానికి కర్త గలడు. ఆయన పేరు సుద్దాల హనుమంతు.

హనుమంతుగారు మోత్కూరు ప్రాంతమందలి పాలడుగు గ్రామమున ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో జన్మించిరి. పద్మశాలి కుటుంబము, తండ్రి బుచ్చిరాములుగారు నాటు వైద్యమెఱిగినవారు. తరువాత సుద్దాల గ్రామమున స్థిరపడుటచే ఆ యూరి పేరే ఆయనకు ఇంటిపేరైనది. హైదరాబాదునకు పోయి వ్యవసాయశాఖలో చిన్న యుద్యోగము చేసిరి. ఆర్యసమాజపు గాలి సోకినది ఆ నగరముననే. ఆనాటి హైదరాబాదులో తెలుగువాడు సభలో తెలుగున మాటలాడుటకే అవమానము పొందిన సంగతి పాఠకు లెఱుగుదురు. 1921 సంవత్సరపు ఆంధ్రజనసంఘము పుట్టినది అట్టి పరాభవమునుండియే. దానినుండి ఎదిగిన ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన తొలిసారి కూడెను. 1944లో భువనగిరి మహాసభ నాటికి అది వినతిపత్రముల సభగా నుండుట మాని రైతుకూలీల 'సంఘ'మాయెను. హనుమంతుగారు సుద్దాలకు మరలివచ్చి ఆ సంఘములో పనిచేసిరి. పనియనగా ప్రధానముగా పాట.

మా యభిప్రాయములో ఈయన గీతరచనకు మూలము ఒక విశ్వవిద్యాలయములోనో ఒక పార్టీ కార్యాలయములోనో వెదుకరాదు. పద్మశాలీల ఆశ్రితులైన కూనపులివారు మార్కండేయ పురాణమును చెప్పుటకు ఊరికి వచ్చినప్పుడు, చేరియాల నకాషీలు ఎఱ్ఱని నేలపై రంగులతో వ్రాసిన పొడవైన పటమును దిగవిడిచి, ఒక్కొక్క గడిని కఱ్ఱతో చూపుచు పాడుదురు. తెలంగాణపు నేతగానికి పాటయు బొమ్మయు వేర్వేఱు కళలు కావు. చూపనిదే పాడరు, పాడనిదే చూపరు. హనుమంతుగారు రంగుల కుంచె పట్టినవారు కారు. కాని ఆయన రచన అంతయు ఈ సంప్రదాయపు కన్ను గలది. గొల్లసుద్దులు, బుఱ్ఱకథ, యక్షగానము, పిట్టలదొర మొదలగు రూపములను గ్రహించి, గొంగడి కప్పుకొని కఱ్ఱ చేతబూనిన గొల్లవాని నోట, లేదా కొయ్యతుపాకి భుజమున వేసికొని కోతలు కోయు పిట్టలదొర నోట, వెట్టిచాకిరి కథను చెప్పించిరి. ప్రేక్షకునికి ముందు వేషము కన్పించును, నవ్వు వచ్చును. ఆ నవ్వు ముగియకమునుపే తన యింటి కథ వినబడును.

వేషమేల యనువారికి ఆనాటి శాసనమును జ్ఞప్తి చేయవలసి యున్నది. నైజాము ప్రభుత్వపు 'గస్తీ నిషాన్ 53' అను ఉత్తరువు ప్రకారము సర్కారు అనుమతి లేనిదే సభ జరుపరాదు. ఉపన్యాసమునకు అనుమతి కావలెను. కాని గొల్లవాడు సుద్దులు చెప్పుటకు ఏ అమీను అనుమతి నడుగును? పూర్వమునుండి వచ్చు భిక్షువుల యాటకు దరఖాస్తు లేదు. చట్టమునకు కనబడని త్రోవ యిది. అందు పాట నడచినది.

చెప్పవలసిన కథయు కొఱతవడియుండలేదు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, గొల్ల, సాలె, ఎవరి వృత్తిని వారు గడీకి ఊరక చేయవలెను. అధికారి వచ్చిన కోడియు, దొర యింట పెండ్లియైన మేకయు, దొరసాని పుట్టింటికి పోయిన బోయీలును ఊరే యియ్యవలెను. వెట్టిని నిషేధించు ఫర్మానాలు లేకపోలేదు. అవి కాగితముపై నుండెను. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో ప్రకటించిన గ్రంథమున విసునూరు దేశముఖు క్రింద 40,000 ఎకరముల భూమి యుండెనని వ్రాసియున్నారు. సూర్యాపేట ప్రాంతపు మఱియొక కుటుంబమునకు లక్షయేబదివేల ఎకరములని ఆయనయే చెప్పిరి. ఈ పుటను చదువు భూస్వాములలో కొందఱికి ఈ ప్రస్తావన చేదుగా నుండవచ్చును. వారి తాతలలో మంచివారును ఉండిరి, ఆ సంగతి మేమెఱుగుదుము. ఆంధ్రమహాసభకు నాయకత్వము వహించిన రావి నారాయణరెడ్డిగారు స్వయముగా భూస్వామి కుటుంబమువారే. అయినను పసులకాపరి పాట ఎవరి కొట్టమును చూచి పుట్టినదో ఆ కొట్టము ఎవరిదో ఒకరిది కావలెను గదా!

ఇట్టి గీతకర్తలు మన దేశముననే పుట్టిరనుకొనుట పొరపాటు. అమెరికాలో జో హిల్ అనునతడు స్వీడను దేశమునుండి వలసపోయిన కూలి. అతడు కార్మిక సంఘమునకు పాటలు కట్టెను, హాస్యచిత్రములు గీసెను. రెండు కళలును ఒకే చేతివి. ప్రార్థనామందిరముల కీర్తనల బాణీలకు తన మాటలు కూర్చెను, ఏలయన ఆ బాణీలు అందఱికిని వచ్చును, క్రొత్తగా నేర్పనక్కఱలేదు. హనుమంతుగారు గొల్లసుద్దులకు, పల్లెపదములకు తమ మాటలు కూర్చుట ఈ యుపాయమే. ఒకరి పేరు ఒకరు విన్నట్లు తోచదు. జో హిల్‌ను హత్యానేరముపై 1915 నవంబరు 19వ తేదీన యూటా రాష్ట్రమున కాల్చి చంపిరి. ఆ విచారణయు మరణమును అతని పేరును లోకమంతట చాటినవి. సంఘము వారి చిన్న పాటల పుస్తకము ఆ పేరును అచ్చులో నిలిపినది. నల్లగొండ గీతకర్తకు అట్టి పుస్తకము అండ లేదు. ఇచ్చట పేరు పోవుటయే రక్షణ.

ఎట్లనగా: 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖు మనుష్యుల తుపాకికి గుఱియైనపిదప నల్లగొండ, వరంగల్లు సీమలు భగ్గుమన్నవి. ఆ సంవత్సరాంతమున నైజాము ప్రభుత్వము కమ్యూనిస్టు పార్టీని నిషేధించెను. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటమునకు పిలుపు వచ్చెను. 1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశించి నైజాము పాలనను ముగించెను. పోరాటము మాత్రము 1951 అక్టోబరు వఱకు సాగెను. ఈ యేండ్లలో హనుమంతుగారును అజ్ఞాతముగ తిరుగవలసినవారైరి. అట్టి దినములలో పాటకు కర్త పేరు చెప్పుట యనగా సాక్ష్యమిచ్చుటయే. కాగితము చేత దొరకినవాడు నేరస్థుడు. నోటిలోని పాటకు సోదా లేదు. కావున పాటను కంఠస్థము చేసినవారు పేరును వదలిరి. ఒక యూరినుండి ఇంకొక యూరికి పోవునప్పుడు చరణము మారెను, దొర పేరు మారెను, గ్రామము పేరు మారెను. ఎవరి యూరికి తగినట్లు వారు పాడుకొనిరి. ఆ పోరాటపు మార్గమును గూర్చి పాఠకులలో భిన్నాభిప్రాయము లుండవచ్చును. పోలీసు చర్య తరువాత కూడ ఆయుధము విడువకపోవుట తగునా యను చర్చ ఆ పార్టీలోనే జరిగినది. పాటను గూర్చిన నిర్ణయమునకు ఆ తగవుతో పని లేదు.

ఆయన పాటలన్నియు ఒక్క యెత్తునివని మేము చెప్పము. సభకు జనమును పిలుచుటకు కట్టినవి సభతోనే ముగిసినవి. జెండాను, జయమును పొగడినవి నేడు చదువగా పొడిగా నుండును. ఒక మనుష్యుని యెదుట నిలిచి, వాని మొగము చూచి కట్టినవి మాత్రమే బ్రదికినవి. వెట్టిపై కట్టిన పాటయు, పసులకాపరి పాటయు ఈ కోవలోనివి.

1980లో గౌతం ఘోష్ గారి దర్శకత్వమున 'మా భూమి' చలనచిత్రము వెలువడెను. కథకు ఆధారము కిషన్ చందరుగారి ఉర్దూ నవల. నిర్మాతయైన బి. నర్సింగరావుగారు స్వయముగా చిత్రకారులు, ఛాయాచిత్రకారులు, సంగీతమెఱిగినవారు. పాటను బొమ్మతో కలిపి చూపవలెనను బుద్ధి అట్టివారికి సహజము. అందు పసులకాపరి పాట వినబడెను. ముప్పదియేండ్లకు పైగా నల్లగొండ కొట్టములందును కల్లములందును తిరిగిన పాట అట్లు నగరములందలి చిత్రశాలల వెండితెర కెక్కెను. ఆ చిత్రమందే 'బండెనక బండి కట్టి' యను పాటను గద్దరుగారు తెరపై నిలిచి పాడిరి. అంతటితో ఆ పాట గద్దరుగారిదే యని లోకము తీర్మానించినది. దానికి కర్తగా చెప్పబడు బండి యాదగిరి ఆ పోరాటములోనే ప్రాణము విడిచినవాడు. గద్దరుగారు 2023 ఆగస్టు 6వ తేదీన కాలధర్మము చెందిరి. ఆ దినమున ఆయనను స్మరించుచు పలువురు పాడినది ఆ పాటయే. పాడినవాని కీర్తి వ్రాసినవాని పేరును కప్పివేసిన దనుటకు ఇంతకంటె నిదర్శనమేల? తప్పు గాయకునిది కాదు. అడుగని మనది.

హనుమంతుగారు 1982 అక్టోబరు 10వ తేదీన క్యాన్సరు వ్యాధిచే మరణించిరి. వారి కుమారులు అశోక్‌తేజగారు చలనచిత్ర గీతకర్తలై, 2003 సంవత్సరపు 'ఠాగూర్' చిత్రమందలి పాటకు జాతీయ పురస్కారమందిరి. తలిదండ్రులైన హనుమంతు, జానకమ్మల పేరిట పురస్కారమును నెలకొల్పి ప్రజాకళాకారులకు ఇచ్చుచున్నారు. కుమారుడు కీర్తిమంతుడగుటచే తండ్రి పేరు మరల వినవచ్చినది. అట్టి కుమారులు లేనివారి గతియేమి? ప్రతి దళముతోను పాట కట్టువాడొకడుండెను. వారిలో ఎందఱి పేర్లు నేడు మనకు తెలియును?

తెలంగాణమున కవులు లేరన్న యొక మాటకు కినిసి సురవరమువారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అది పద్యకవుల పట్టిక. ఆనాటికి అదియే కావలసియుండెను. పాట కట్టినవారికి అట్టి సంచిక వెలువడవలసి యున్నది. పాటలపై పరిశోధనలు వచ్చినవి, సంకలనములును వచ్చినవి. కాని అనేక పుస్తకములలో ఒక పాట క్రింద "ప్రజల పాట" యని అచ్చువేసి చేతులు దులుపుకొనుట చూచుచున్నాము. అజ్ఞాతవాసమునాడు అది జాగ్రత్త. పట్టుకొను అమీను లేని నేడు అది బద్ధకము.

ఆత్మకూరు, మోత్కూరు, గుండాల, రామన్నపేట ప్రాంతములకు పోయి పాటలు వ్రాసికొను యువకులు ఒక్క చరణములతో తృప్తిపడరాదు. ఎవరి నోట మొదట వింటిరి, ఏ బాణీ, ఏ వేషమున ఆడిరి, దరువునకు డప్పా కంజిరయా, కట్టినవాడు ఏ యూరివాడు అని అడిగి, పాట ప్రక్కనే వ్రాయవలెను. పాటలో దొర పేరున్నచో దానిని కొట్టివేయకుండ ఉంచవలెను. ఆ కుటుంబమువారు నేడు చదువుకొన్నవారు, మాకు తెలిసినంతలో దానిని సహింపగల పెద్దమనసు వారికి గలదు. గడీల పాత దఫ్తరములలో వెట్టి లెక్కలున్న యెడల వానిని పారవేయక చూపించినచో పాటకు ప్రక్క సాక్ష్యమగును. 1946లో పదియేండ్లవాడై మంద వెంట నడచినవాడు నేడు తొంబదియవ యేట నున్నాడు. ఈ చలికాలముననే పోవుట మంచిది.