మాయకూ ఒక కట్టుబాటు

చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం మొదలైందంటే పద్దెనిమిది రోజులు ఊరికి వేరే ధ్యాస ఉండదు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసురుడు బండెక్కి వీధులన్నీ తిరుగుతాడు. అర్జునుడి వేషగాడు పద్యం మీద పద్యం పాడుకుంటూ నిట్టనిలువు తపస్సు మాను ఎక్కి, పైనుంచి నిమ్మకాయలూ విభూతీ విసురుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిచీరలతో కింద కాచుకుని ఉంటారు. చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడు ఆకాశం కేసి చూస్తూ పడుకుని ఉంటాడు. భీముడు తొడ పగలగొడతాడు, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది, సాయంత్రం జనం నిప్పుల గుండం తొక్కుతారు.

తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ పడమటి మండలాల్లో సినిమా టెంటు పడకముందే ప్రేక్షకుడు తయారై ఉన్నాడు. ఫాంటసీ, హారర్, సూపర్‌హీరో అనే పేర్లు ఆ తర్వాత వచ్చినవి. ఆ ప్రేక్షకుడికి మాయలంటే ఇష్టమే, కానీ ఊరికే నమ్మడు. గదాయుద్ధంలో నడుము కింద కొట్టకూడదన్న కట్టుబాటు ఒకటి ఉందని అతనికి తెలుసు. ఆ కట్టుబాటు ఉంది కాబట్టే భీముడు దాన్ని తప్పిన క్షణం అంతమందిని కదిలిస్తుంది. ఏ మాయకైనా ఒక షరతు ఉండాలి, షరతు తప్పినవాడు మూల్యం చెల్లించాలి. పాత సినిమాలైనా కొత్తవైనా, టీవీ అయినా ఫోన్లో గేమ్ అయినా నేను చూసేది ఈ ఒక్క సంగతే. గ్రాఫిక్స్ ఎంత బాగున్నాయన్నది ఆ తర్వాతి మాట.

తాడిపత్రి నుంచి పాతాళానికి

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసిన దర్శకుడు మన రాయలసీమవాడే. 1912లో తాడిపత్రిలో పుట్టిన కదిరి వెంకటరెడ్డి, అంటే కె.వి.రెడ్డి. 1951లో ఆయన తీసిన 'పాతాళ భైరవి'ని చాలామంది మార్కస్ బార్ట్లే కెమెరా కోసం, ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడి కోసం తలుచుకుంటారు. నాకు అంతకంటే గొప్పగా కనిపించేది ఆ కథలోని షరతు. కోరింది ఇచ్చే దేవత గుహలో ఉంది, కానీ సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇస్తేనే ప్రసన్నమవుతుంది. అందుకోసం మాంత్రికుడు తోట రాముణ్ణి వెంటబెట్టుకు వెళతాడు. సంగతి తెలుసుకున్న రాముడు ఆ షరతునే తిరగేసి మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. అసలు తమాషా ఆ తర్వాత ఉంది. దేవత బొమ్మకు మంచివాడూ చెడ్డవాడూ అన్న తేడా లేదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. మాంత్రికుడు మళ్లీ బతికివచ్చి బొమ్మ కాజేసేసరికి రాముడికి అంతవరకూ ఉన్న వైభవమంతా పోతుంది. ఆ క్షణం థియేటర్లో ఎవరూ తర్కం అడగరు, ఎందుకంటే తర్కం ముందే చెప్పేశారు. 1952లో దేశంలో మొదటిసారి జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి ఈ సినిమా వెళ్లింది.

'మాయాబజార్' (1957)లోనూ అంతే. ప్రియదర్శిని పేటిక తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది, సత్యపీఠం ఎక్కితే నోట నిజమే వస్తుంది. సత్యపీఠం సంగతి మనకు ముందే తెలుసు, శకునికి తెలియదు. అతను దాని మీద కాలు పెట్టబోతుంటేనే నవ్వు మొదలవుతుంది.

విఠలాచార్య దగ్గర ఇంత పకడ్బందీ కనిపించదు. ఆయన 1920లో ఉడుపిలో పుట్టి, అరసికెరెలో టూరింగ్ టాకీస్ నడిపి, ఆ తర్వాత సినిమాలు తీసిన మనిషి. నేల టికెట్టువాడు ఎక్కడ ఈల వేస్తాడో ఆయనకు లెక్క తెలుసు. 'జగన్మోహిని' (1978)లో దెయ్యం తన కాళ్లనే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేస్తుంది. ఆ సీను ఈనాటికీ ఏ పల్లెలో అడిగినా చెబుతారు. విఠలాచార్య సినిమాలు చవకబారువని తీసిపారేసే విమర్శకులతో నాకు సగమే ఏకీభావం. కథలు ఒకదానికొకటి నకళ్లు, నిజమే. కానీ ఆ దెయ్యం వంటింట్లో ఉంది. ఇంటి కోడలు చేసే పనే చేస్తోంది. భయం ఇంటి లోపలే ఉంటుందని ఆయన ఎవరూ నేర్పకుండానే పట్టుకున్నాడు. ఇప్పటి హారర్ సినిమాల్లో సగానికి పైగా ఖాళీ బంగళాలు వెతుక్కుంటూ పోతున్నాయి.

కె.వి.రెడ్డి దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' తీశారు. కాలయంత్రం ఎక్కి 1526కు పోతే కృష్ణదేవరాయలు, 2504కు పోతే అణుయుద్ధం మిగిల్చిన లోకం. రాయల ఆస్థానంలోని భాగం ఇప్పటికీ కొత్తగా ఉంది. భవిష్యత్తు భాగం సెట్టుకు మాత్రం వయసు మీదపడింది. గతం మనవాళ్లకు భారతం వల్ల, హరికథల వల్ల అలవాటైన తావు. భవిష్యత్తును ఊహించడమే మన సినిమాకు కష్టమైన పని.

గోడ మీద రాత

తొంభైల్లో టీవీ ఇళ్లలోకి వచ్చాక రాత్రుళ్లు మారాయి. దూరదర్శన్‌లో 'చంద్రకాంత' హిందీలో వచ్చేది. భాష అర్థం కాకపోయినా క్రూర్‌సింగ్ కనుబొమ్మలు అర్థమయ్యేవి. ఈటీవీలో 'అన్వేషిత' వచ్చే రాత్రి పిల్లలు ఒంటరిగా పెరట్లోకి వెళ్లేవాళ్లు కాదు. వారం వారం ఆగి చూడటంలో ఒక భయం ఉంది. ఒకే రాత్రి పది ఎపిసోడ్లు చూసేసే ఓటీటీ దాన్ని ఇవ్వలేదు.

కానీ ఆ రోజుల్లో అన్నింటికంటే పెద్ద హారర్ కథ ఏ తెర మీదా ఆడలేదు. తలుపుల మీద, గోడల మీద సుద్దముక్కతో రాసి ఉండేది: ఓ స్త్రీ రేపు రా. రాత్రి ఒక ఆడమనిషి వచ్చి తలుపు తడుతుందని, తీసినవాడు బతకడని పుకారు. రాత చదివి వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. బెంగళూరు వైపు ఇదే కన్నడంలో 'నాళె బా' అయింది. రెండు భాషలూ కలిసే ఈ సరిహద్దులో ఇలాంటి పుకార్లకు టికెట్టు అక్కర్లేదు. కథగా చూస్తే ఇది నిర్దోషం. దెయ్యానికి చదువు వచ్చు, ఇచ్చిన మాటకు కట్టుబడుతుంది, మనిషి ఆ మంచితనాన్నే వాడుకుని రోజూ మోసం చేస్తాడు. దీనికంటే చక్కని షరతు ఏ రచయిత రాశాడు?

ఇద్దరు రాశారు. చిత్తూరు మూలాలున్న డీకే, తిరుపతికి చెందిన రాజ్ నిడిమోరు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుకుని, అమెరికాలో ఉద్యోగాలు చేసి, సినిమాల్లోకి వచ్చారు. 2013లో 'గో గోవా గాన్' అనే జాంబీ కామెడీ తీశారు. 2018లో వచ్చిన 'స్త్రీ'కి కథ వాళ్లదే. దర్శకుడు అమర్ కౌశిక్. మన గోడల మీద రాత మధ్యప్రదేశ్‌లోని చందేరీకి వెళ్లి, హిందీ మాట్లాడి, దేశమంతా ఆడింది. అందులో మగవాళ్లు రాత్రి ఒంటరిగా బయటికి పోకూడదని ఊరు హెచ్చరిస్తుంది. ఆడవాళ్లు రోజూ వినే మాటను మగవాళ్లకు వినిపించడం రాజ్, డీకే కలిపిన మసాలా. నాకు సంతోషంతో పాటు కొంచెం కడుపుమంట కూడా ఉంది. సీమ యాస పుష్పరాజ్ నోట దేశమంతా పలికినప్పుడు, సీమ దెయ్యం మాత్రం ఎందుకు వలస పోవాల్సి వచ్చింది?

పెద్ద తెర, చిన్న షరతు

కొత్తవాటి సంగతికి వద్దాం. 'ఈగ' (2012) నా లెక్కలో రాజమౌళి తీసినవాటిలో అన్నింటికంటే క్రమశిక్షణ ఉన్న సినిమా. ఈగ చివరిదాకా ఈగే. మాట్లాడదు, పెరగదు. ఆ హద్దులోంచే ప్రతి ఎత్తూ పుట్టింది.

2022లో కన్నడ 'కాంతార' తెలుగులోకి వచ్చినప్పుడు పడమటి మండలాల్లో దాన్ని ప్రత్యేకంగా పరిచయం చేయాల్సిన పని లేకపోయింది. సుగుటూరు గంగమ్మ జాతర చూసిన పుంగనూరుకు, బోయకొండ గంగమ్మకు మొక్కే చౌడేపల్లెకు పూనకం కొత్తేమీ కాదు. ఆ సినిమాలో దైవం పెట్టిన షరతు భూమికి సంబంధించినది. ఇచ్చిన నేల వెనక్కి అడిగితే ఊరుకోనంటుంది. అడిగినవాడు కోర్టు మెట్ల మీదే రక్తం కక్కి చస్తాడు. మొత్తం కథ ఆ మెట్ల మీద నిలబడి ఉంది.

'హనుమాన్' (2024)లో ప్రశాంత్ వర్మ పెట్టిన నియమం ముచ్చటైనది: మణి ఎండ పడినప్పుడే పనిచేస్తుంది. అందువల్ల మొదటి గంటన్నర హాయిగా ఉంటుంది. పొద్దు వాలుతోందంటే హీరో కోసం మనకు భయం వేస్తుంది. చివర్లో సాక్షాత్తూ దేవుడే కదిలి వచ్చేసరికి ఎండ లెక్క ఎవరికీ గుర్తుండదు. జనం చేతులెత్తి మొక్కారు, నేనూ కాదనను. కథ మాత్రం అక్కడ తన మాట తప్పింది.

అదే ఏడాది జూన్‌లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' మీద మిత్రులతో వాదన ఇంకా తెగలేదు. కాశీ, కాంప్లెక్స్, శంబల అని మూడు లోకాలు. తలకిందులైన పిరమిడ్ నగరం, బుజ్జి అనే కారు. చూడటానికి కళ్లు చాలవు. అయినా గుండెను పట్టుకునేది ముసలి అశ్వత్థామే. గర్భంలోని బిడ్డ మీద అస్త్రం వేసిన పాపానికి చావు లేని శాపం, మరో గర్భాన్ని కాపాడితేనే విముక్తి. వీధినాటకంలో భారతం దుర్యోధన వధతో ఆగిపోతుంది. నాగ్ అశ్విన్ ఆ తర్వాతి రాత్రి నుంచి ఎత్తుకున్నాడు. అక్కడ అతనికి వ్యాసుడు శాపం రాసి ఇచ్చాడు. హీరో భైరవ దగ్గరకొచ్చేసరికి యూనిట్లు సంపాదించడం తప్ప పణం పెట్టేది ఏమీ లేదు. అందుకే చాలాసేపు అతిథి నటులూ జోకులూ వచ్చి పోతుంటారు.

బటన్ ఎవరి చేతిలో

2021లో ప్రశాంత్ వర్మే తీసిన 'జాంబీ రెడ్డి'లో హీరో వీడియో గేమ్ తయారుచేసే కుర్రాడు. కర్నూలు వైపు పెళ్లికి వెళితే జాంబీలు తగులుకుంటాయి. ఫ్యాక్షన్ సినిమాలను ఎగతాళి చేసినంతసేపు భలే ఉంటుంది. కత్తులు పట్టుకుని సిద్ధంగా ఉన్న ఊరికి జాంబీలు ఒక లెక్కా అన్న చమత్కారం మన దగ్గరే పుట్టగలదు.

గేమ్‌ల సంగతి పెద్దవాళ్లు అనుకునేంత తేలిక కాదు. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించారు, 2021లో బీజీఎంఐ పేరుతో అదే తిరిగి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధం. ఈ పేర్లన్నీ మదనపల్లె టమోటా మండీలో లోడు కోసం కాచుకున్న కుర్రాళ్లకు కంఠతా వచ్చు. గేమ్ ఆడేవాడికి షరతు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. తూటాలు ఎన్ని మిగిలాయో, వలయం ఎప్పుడు ముడుచుకుంటుందో లెక్క చూసుకునే అడుగు వేస్తాడు. సినిమాలో హీరోకు రాసిపెట్టి ఉన్న గెలుపు ఇక్కడ ఎవరికీ రాసి లేదు.

మన కథలతో గేమ్ చేయాలని చూసినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' విడుదల చేసింది. చస్తే మళ్లీ మొదటి నుంచి రావాలి, ప్రతిసారీ శక్తుల అమరిక మారిపోతుంది. చిన్న బృందం చేసిన పని. లోటుపాట్లు ఉన్నా పునర్జన్మను ఆట నియమంగా మార్చిన తీరు నాకు నచ్చింది. అదే ఏడాది బెంగళూరు కంపెనీ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ బాహుబలి పేరుతో గేమ్ తెచ్చింది. సింహాసనానికి ఇచ్చిన మాటకు కట్టుబడి, కొడుకులా చూసుకున్నవాణ్ణి కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 నుంచి 2017 దాకా దేశాన్ని ఊపేసింది. ఆ కత్తి ఆడేవాడి చేతికి ఇచ్చి, మాట నిలబెట్టుకుంటావా మనిషిని నిలబెట్టుకుంటావా అని అడిగి ఉంటే ఎంత బాగుండేది! కంపెనీ మాత్రం కోట గోడలు కట్టుకోమంది, సైన్యాన్ని పెంచుకోమంది, పక్కవాడి కోట మీద పడమంది.