ఉల్లికోడును తట్టుకొను వరివంగడములు

ఉల్లికోడు సోకిన వరిదుబ్బును చూడని రైతు బాల్కొండ ప్రాంతమున అరుదు. నాట్లు పడిన కొలది వారములకే పిలకల నడుమనుండి, ఆకు రావలసిన చోట, ఉల్లికాడవంటి గుండ్రని గొట్టము వెండివన్నెతో బయటికి వచ్చును. ఆ పిలక ఇక వెన్ను వేయదు. దుబ్బు దానికి బదులుగా క్రొత్త పిలకలు తొడుగును. వానిలోను పెక్కింటికి అదే గతి పట్టును. గట్టుమీద నిలిచి చూచువానికి పొలము గుబురుగానే కనిపించును. కోతకు వచ్చినప్పుడు గాని నష్టమెంతయో తెలియదు.

మా వ్యవసాయ ప్రసంగములను వినువారు తరచు అడుగు ప్రశ్న యొకటి కలదు. "ఫలానా వంగడము ఉల్లికోడును తట్టుకొనునని చెప్పిరి. మా వియ్యంకుల ఊరిలో తట్టుకొన్నది. మా పొలములో తట్టుకొనలేదు. విత్తనము కల్తీదా?" కల్తీ విత్తనములు లేకపోలేదు. కాని ఏ కల్తీయు లేని మేలైన విత్తనము సయితము ఒక జిల్లాలో నెగ్గి, మరియొక జిల్లాలో ఓడిపోవచ్చును. అందులకు కారణము సగము పైరులోను, సగము పురుగులోను ఉన్నది. ఆ రెండవ సగమును గూర్చి చెప్పువారు తక్కువ.

బాల్కొండ చేరువన గోదావరిపై, పోచంపాడు వద్ద, 1963 జూలై 26న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ఆనకట్టనుండి కాలువలు నలుదెసల సాగినవి. లక్ష్మీకాలువ ఈ ప్రాంతమునకు నీరిచ్చుచున్నది. కాకతీయ కాలువ జగిత్యాల, కరీంనగరముల మీదుగా వరంగల్లు దిక్కునకు పోవుచున్నది. అంతకు ముందే, మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు క్రింద, బోధను చెరకుతో పాటు వరియు విరివిగా పండినది. వరి విస్తరించిన కొలది, దానిని ఆశ్రయించు పురుగులకును ఎడతెగని మేత దొరికినది.

ఉల్లికోడునకు కారణమైనది దోమయంత ఎర్రని ఈగ. రాత్రివేళ ఎగురును, దీపమును చేరును. కొలది దినములకంటె బ్రతుకదు. ఆకులపై పెట్టిన గ్రుడ్డునుండి వెడలిన పిల్లపురుగు, మంచుతడి వానతడి ఆధారముగా, ఆకుతొడుగు వెంట దిగి పిలకయొక్క అంకురమును చేరును. దాని లాలాజలము తగిలినంతనే మొక్క తన పెరుగుదల తీరును మార్చుకొని, ఆ పురుగునకు తానే ఇల్లు కట్టిపెట్టును. మనము చూచు గొట్టమే ఆ ఇల్లు. లోపల సుఖముగా కూర్చున్న పురుగునకు పైనుండి చల్లిన మందు సరిగా అందదు. గొట్టము మన కంటబడు నాటికి అది తన పని ముగించి, పైభాగమున రంధ్రము చేసికొని ఎగిరిపోవుటకు సిద్ధమై యుండును. ముసురు పట్టిన శ్రావణ భాద్రపదములు దీనికి పండుగరోజులు. ఇట్టి చాటుశత్రువు విషయమున మందుకంటె మొక్కయొక్క పుట్టుబలమే నమ్మదగినది.

ఆ పుట్టుబలము ఎట్టిది? ఈశ్వరకోర అను పాత నాటువరి కలదు. ఈగ దానిపైనను గ్రుడ్లు పెట్టును. పిల్లలు అంకురమును చేరును. చేరిన కొలది దినములలోనే చచ్చును. గొట్టము పుట్టదు. ఈ గుణమును మంచి దిగుబడి నిచ్చు వరిలోనికి తెచ్చుటకై ఎం.టి.యు.15 అను వంగడముతో ఈశ్వరకోరను సంకరపరచి, డబ్ల్యు.1263 అను వరంగల్లు వంగడమును రూపొందించిరి. అట్లే సియాము దేశపు సియాం 29 అను వరిలోని మరియొక నిరోధబలము, ఐ.ఆర్.8తో సంకరమువలన, ఫల్గుణ, సురేఖ అను వంగడములలోనికి వచ్చినది.

తట్టుకొను వరిని తట్టుకొనలేని వరితో సంకరపరచినప్పుడు మొదటి తరపు మొక్కలన్నియు తట్టుకొనును. వాని గింజలను విత్తినచో రెండవ తరమున రమారమి నాలుగింట మూడు మొక్కలు తట్టుకొనును. నాలుగవది గొట్టములు వేయును. ఆస్ట్రియా మఠమున బఠానీలు పెంచిన మెండెల్ 1866లో ప్రకటించిన లెక్కయే ఇది. లెక్క ఇంత శుభ్రముగా వచ్చినదన్నచో, ఆ బలమునకు మూలము ఒకే యొక బహిర్గత జన్యువని అర్థము. ఈ పురుగునకు ఆంగ్లమున 'గాల్ మిడ్జ్' అని పేరు. అందుచే ఈశ్వరకోర జన్యువునకు జి.ఎం.1 అనియు, సియాం 29 జన్యువునకు జి.ఎం.2 అనియు పేర్లు పెట్టిరి. వరికిగల పండ్రెండు జతల క్రోమోజోములలో మొదటిది తొమ్మిదవ దానిపై, రెండవది నాలుగవ దానిపై ఉన్నవి. రెండును పురుగును చంపునవే యైనను పద్ధతులు వేరు. జి.ఎం.2 ఉన్న మొక్కలో పురుగు చేరిన చోటి కణములు గోధుమవన్నె తిరిగి తామే చచ్చి, పురుగునకు మేత లేకుండ చేయును. జి.ఎం.1 ఉన్న మొక్కలో అట్టి మచ్చయే కనబడదు. పురుగు మాత్రము చచ్చును. ఇట్టి జన్యువులను ఇప్పటికి పదికి పైగా గుర్తించిరి.

ఇక రెండవ సగము. పురుగు ఊరకుండునా? 1980వ దశకము నడుమ శ్రీకాకుళము జిల్లాలో ఫల్గుణ పొలములు గొట్టములు వేయ మొదలిడెను. వంగడము చెడలేదు; పురుగు మారినది. కోట్లకొలది ఈగలలో జి.ఎం.2 దెబ్బకు చావని ఒకటి రెండు మునుపే ఉండియుండును. ఊరంతయు ఫల్గుణయే అయినప్పుడు మిగిలినవన్నియు చచ్చి, ఆ ఒకటి రెండింటి సంతానమే పొలమును ఆక్రమించినది. జి.ఎం.2ను గెలుచు గుణము పురుగులో అంతర్గత జన్యువనియు, అది లింగమును నిర్ణయించు క్రోమోజోముపై ఉన్నదనియు సంకర పరీక్షలలో తేలినది. అంతర్గత గుణము సాధారణముగా రెండు ప్రతులున్నప్పుడే బయటపడును. కాని మగ ఈగకు ఆ క్రోమోజోము ఒంటిది. ఒక ప్రతి చాలును. దాగియుండవలసిన గుణము మగవానిలో వెంటనే పనికి వచ్చును. పురుగు అంత వేగముగా దారి కనుగొనుటలో వింత లేదు.

మొక్కలోని ప్రతి నిరోధ జన్యువునకు ఎదురుగా పురుగులో ఒక జన్యువు ఉండునను ఈ సంగతి మన వరికే చెందినది కాదు. ఈ ఈగకు చుట్టమే యైన హెస్సియను ఈగ గోధుమకు శత్రువు. దానిపై పనిచేసిన హాచెట్, గాలున్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1970లో ఈ జోడును స్పష్టముగా చూపిరి. ఫిలిప్పీన్సులో 1973లో విడుదలైన ఐ.ఆర్.26 వరి సుడిదోమను తట్టుకొనునని రైతులెల్లరు నాటిరి. కొలది ఏండ్లకే దోమ దానిని జయించినది.

మన దేశమున ఉల్లికోడు ఈగలో ఏడు తెగలను గుర్తించిరి. కంటికి అన్నియు ఒక్కటే. ఏ వంగడముపై బ్రతుకును, దేనిపై చచ్చును అనుదానిని బట్టియే భేదము. జగిత్యాల తెగ జి.ఎం.1కు లొంగును, జి.ఎం.2కు లొంగదు. ఒరిస్సాలోని కటకము తెగ సరిగా దీనికి తలక్రిందులు. శ్రీకాకుళపు తెగకు రెండును లెక్కలేదు. వరంగల్లు ప్రాంతపు తెగ ఇంకను మొండిది. కనుక కటకమున ప్రశంసలందిన ఫల్గుణ జగిత్యాలలో ఓడిపోవుటయు, జగిత్యాలలో నిలిచిన వంగడము వరంగల్లులో తడబడుటయు వింత కాదు. వియ్యంకుల ఊరి సంగతికి సమాధానము ఇందున్నది.

బాపట్లనుండి 1986లో వచ్చిన సాంబమసూరి అన్నమునకు పేరుపడినది. ఉల్లికోడునకు మాత్రము అది సులభముగా లోబడును. జగిత్యాల పరిశోధనాస్థానము వారు దానిని, ఉల్లికోడును తట్టుకొను కావ్య అను వరంగల్లు వంగడముతో కలిపి, జగిత్యాల సన్నాలు అను జె.జి.ఎల్.1798ని తయారుచేసిరి. సన్నబియ్యమును వదులుకొననక్కరలేకయే పురుగును ఎదుర్కొనుటకు ఉత్తర తెలంగాణ రైతులకు ఇట్లు వీలు కలిగినది. మా దృష్టిలో ఈ పని పెద్ద పేరుపడిన వంగడముల సృష్టికంటె తక్కువది కాదు. స్థానిక పురుగును ఎరిగి స్థానికముగా చేసిన పని అది.

అన్ని పైరులలోను బలము ఒకే జన్యువునందు ఉండదు. ఆర్మూరు, బాల్కొండ రైతులు విత్తనమునకై పండించు ఎర్రజొన్ననే చూడుడు. జొన్నకు శత్రువు మొవ్వు ఈగ. లేతమొక్క ఆకులు నిగనిగలాడుచున్నను, అడుగున సన్నని నూగు ఉన్నను, ఈగ దానిపై గ్రుడ్లు పెట్టుటకు అంతగా ఇష్టపడదు. ఈ లక్షణములు పెక్కు జన్యువుల ఉమ్మడి ఫలము. ఇది పురుగును పూర్తిగా ఆపజాలదు గాని, పురుగు ఒక్క అడుగులో దానిని దాటనులేదు. బోధను చెరకు మరింత చిక్కు. దానికి నూరుకు పైగా క్రోమోజోములు. మెండెల్ లెక్క అచట సులభముగా పొసగదు.

వరిలో ఇప్పుడు అనుసరించు ఉపాయము, రెండు మూడు జన్యువులను ఒకే వంగడములో చేర్చుట. ఒకదానిని గెలిచిన పురుగు రెండవదానికి చిక్కును. పురుగును వదలి చూచినంత మాత్రమున మొక్కలో ఒక జన్యువున్నదో రెండున్నవో తెలియదు కనుక, జన్యుపదార్థములోని గుర్తులను పరీక్షించి మొక్కలను ఏరుచున్నారు. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి వరి పరిశోధన సంస్థలో ఈ పని జరుగుచున్నది. అయినను అట్టి వంగడమునకు ప్రక్కనే అందులోని ఒక్క జన్యువే యున్న వంగడములను వందల ఎకరములలో వేసినచో, పురుగునకు మెట్టుమెట్టుగా ఎక్కుటకు మనమే నిచ్చెన వేసిన వారమగుదుము.

రైతు చేయగలది కొంత కలదు. విత్తనము కొనునప్పుడు "ఉల్లికోడును తట్టుకొనునా?" అని అడిగి ఊరకుండక, "ఏ జిల్లాలో పరీక్షించిరి?" అని అడుగవలెను. ఒకే కాలువ క్రింద ఊరంతయు ఒకే వంగడము వేయరాదు. నాట్లు ఆలస్యము చేయరాదు. వెనుక నాటిన చేలకే పురుగు తాకిడి హెచ్చు. తట్టుకొనునన్న వంగడములోనే గొట్టములు కనబడినచో, నూరు పిలకలకు ఎన్నియో లెక్కించి, వంగడము పేరు, నాటిన తేదీ వ్రాసికొని, రెండు మూడు దుబ్బులను వేళ్లతో పెరికి రుద్రూరులోనో జగిత్యాలలోనో ఉన్న పరిశోధనాస్థానమునకు చేర్పవలెను. శ్రీకాకుళమున పురుగు మారినదని ముందుగా తెలిపినవి రైతుల పొలములే.