కడుపునొప్పి కాదది

నేను హన్మకొండలో టీచర్‌ని. మా ఏడో తరగతిలో ఒక పిల్లాడు టిఫిన్ బాక్సు తెరవకుండానే ఇంటికి పట్టుకెళ్లేవాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే నీళ్ల ట్యాంకు దగ్గర అతన్ని ‘బొండాం’ అంటూ చుట్టుముట్టేవాళ్లు. పక్కన నిలబడి నవ్వే ఇద్దరితో విడిగా మాట్లాడాను. వాళ్లే అతని పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టారు. సోమవారం కడుపునొప్పి, చిరిగిన నోట్సు, మాయమయ్యే పెన్నులు... అమ్మానాన్నలూ, ఇవి వేధింపులకు గుర్తులు కావచ్చు, తేలిగ్గా తీసుకోకండి.

‘నువ్వూ రెండు తగిలించు’ అని పంపకండి. పూర్తిగా వినండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది రాసి హెడ్మాస్టరుకి ఇవ్వండి. 2023 ఫిబ్రవరిలో మన కాకతీయ మెడికల్ కాలేజీ పీజీ విద్యార్థిని, సీనియర్ వేధిస్తున్నాడని ఇంట్లో చెప్పుకుంది. తండ్రి ఫిర్యాదు చేశారు. అయినా ఆమె దక్కలేదు. కాబట్టి కాగితం ఇచ్చి ఊరుకోకండి, మళ్లీ వెళ్లి అడగండి. బడి కదలకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రయినా పలుకుతారు.