నువ్వుగింజంత సాలీడు.. సుడిదోమకు శత్రువు

వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన, నువ్వుగింజంత సాలీళ్ళు పాకుతుంటాయి. చూసినవాళ్ళు “ఏవో సాలీడు పిల్లలులే” అనుకుంటారు. కొందరు దోమేమోనని మందు కూడా కొట్టేస్తారు. అవి పిల్లలూ కావు, దోమా కాదు. పూర్తిగా ఎదిగినా అంతే ఉండే మరుగుజ్జు సాలీళ్ళు.

శాస్త్రవేత్తలు దీన్ని అటిపినా ఫార్మోసానా అంటారు. 1977లో తైవాన్ నుంచి దీన్ని మొదట వర్ణించారు. ఫార్మోసా అనేది ఆ ద్వీపం పాత పేరు. కొన్ని పుస్తకాల్లో కాలిట్రీకియా అని ఉంటుంది. రెండూ ఒకటే, కంగారు పడక్కర్లేదు. పేరు తైవాన్‌దైనా మన దేశంలోని వరి మళ్ళలోనూ ఉంటుంది.

ఇంత చిన్నవాటి జాతి తేల్చడం పెద్ద పనే. ఈ కుటుంబంలోనే 4 వేలకు పైగా జాతులున్నాయి. మగ, ఆడ సాలీళ్ళ జననాంగాలను మైక్రోస్కోపు కింద చూస్తేగానీ ఏది ఏదో తెలియదు. రైతుకు అంత అవసరం లేదు. ఎనిమిది కాళ్ళు, రెక్కలు లేవు, వీపు మీద మూడు జతల బూడిదరంగు మచ్చలు.. ఇవి చూస్తే చాలు. దోమకు ఆరు కాళ్ళే. సాలె“పురుగు” అని పిలుస్తున్నాం గానీ, నిజానికి ఇది పురుగుల జాతిది కాదు.

ఒక్క దుబ్బు మొదట్లో 30-40 దాకా ఉంటాయి. ఒక్కొక్కటి రోజుకు నాలుగైదు దోమ పిల్లల్ని తింటుంది. సన్నని గూడు అల్లి అందులో పట్టుకుంటుంది, వేటాడి కూడా తింటుంది. ఆకు తొడిమల్లో 80-100 గుడ్లు పెట్టి పట్టుపొర కప్పుతుంది.

చిక్కంతా ఎక్కడంటే, ఆకుముడతకని తొందరపడి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు కొడితే ముందు చచ్చేది ఈ సాలీళ్ళే. దోమ గుడ్లు తొడిమ లోపల భద్రంగా ఉంటాయి. అవి పొదిగి పిల్లలు బయటికొచ్చేసరికి తినేవాడు ఉండడు. మందు కొట్టిన మడిలోనే దోమపోటు ఎక్కువ కావడానికి ఇదొక కారణం. డబ్బు ఖర్చు పెట్టి మరీ దోమను పెంచుకున్నట్టే!

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం మందు ఎప్పుడు కొట్టాలో చెప్పేటప్పుడు సాలీళ్ళనూ లెక్కలోకి తీసుకుంది. సాలీళ్ళు లేకపోతే పిలకకు ఒక దోమ ఉన్నా మందు వాడాలి. దుబ్బుకు ఒక సాలీడు ఉంటే పిలకకు రెండు దోమలయ్యేదాకా ఆగవచ్చు.

కాబట్టి డబ్బా ఎత్తేముందు మడిలో అక్కడక్కడా దుబ్బులు వంచి, మొదట్లో తట్టి నీటిలో పడినవాటిని చూడండి. దోమలతోపాటు సాలీళ్ళనూ లెక్కపెట్టండి. మందు తప్పనిసరైతే సాలీళ్ళకు తక్కువ హాని చేసే బుప్రోఫెజిన్ లాంటిది, దుబ్బు మొదళ్ళు తడిసేలా కొట్టండి.