సర్దుకుపొమ్మని చెప్పకపోవడమే నా చదువు

పద్నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసి, 42 ఏళ్ల వయసులో మళ్లీ కాలేజీ మెట్లెక్కాను. కాలిఫోర్నియాలో మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీలో మాస్టర్స్ చేస్తున్నానంటే మనవాళ్లు రెండు ప్రశ్నలు వేస్తారు. మొదటిది, "జీతం ఎంతొస్తుంది?" రెండోది గొంతు తగ్గించి అడుగుతారు: "మీ ఇంట్లో అంతా బాగానే ఉందిగా?"

బాగానే ఉంది. నేను ఈ చదువుకు రావడానికి కారణం నా స్నేహితురాలు. ఒక పండగ రోజు మా వంటగదిలో గిన్నెలు సర్దుతూ తన కాపురం గురించి చెప్పుకొచ్చింది. సగం వినగానే, "అందరిళ్లలో ఉండేదే, కాస్త సర్దుకుపోవాలి" అనేశాను. ఆమె మాట మార్చింది. రెండేళ్ల తర్వాత విడాకుల సంగతి వేరేవాళ్ల ద్వారా తెలిసింది. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వేమంటావో తెలుసుగా" అంది. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

తీర్పు చెప్పే తొందర

క్లాసులో మొదటిసారి రోల్ ప్లే చేశాం. తోటి విద్యార్థిని భార్యగా నటించింది, నేను థెరపిస్టుని. నాలుగు నిమిషాల్లో పరిష్కారం చెప్పేశాను. మేడమ్ వీడియో ఆపి, "ఆమె ఇంకా కథే మొదలుపెట్టలేదు, మీరు తీర్పు చెప్పేశారు" అన్నారు.

మన దగ్గర ఇంటి గొడవ పెద్దమనుషుల ముందుకు వెళ్తే తప్పు ఎవరిదన్నది తేలాలి. ఇక్కడ నేర్పేది వేరు. ఆమె గొంతు పెంచేకొద్దీ అతను మాట్లాడడం మానేస్తాడు. అతను మాట్లాడకపోయేకొద్దీ ఆమె గొంతు పెరుగుతుంది. ఎవరు ముందు మొదలుపెట్టారని వెతక్కుండా, ఆ చక్రం ఎలా తిరుగుతోందో ఇద్దరికీ కనపడేలా చేయాలి. అయితే చెయ్యి చేసుకునే ఇంటికి ఈ లెక్క వర్తించదు. దెబ్బకు బాధ్యత కొట్టినవాళ్లదే. అందుకే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడమంటారు. భయపడుతున్న మనిషిని భర్త పక్కన కూర్చోబెట్టి నిజం చెప్పమంటే, ఇంటికెళ్లాక ఆమెకే ప్రమాదం.

కాగితం మీద మేనత్త

మొదటి సెమిస్టర్‌లోనే జెనోగ్రామ్ గీయమన్నారు. మూడు తరాల కుటుంబ పటం అది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, చనిపోయినవాళ్ల గుర్తులో ఇంటూ మార్కు. ఎవరికి ఎవరితో దగ్గర, ఎవరితో మాటల్లేవు అన్నది రకరకాల గీతలతో చూపించాలి. మరే బోవెన్ అనే మనోవైద్యుడి ఆలోచనల నుంచి ఎదిగిన ఈ పద్ధతికి మోనికా మెక్‌గోల్డ్రిక్, రాండీ గెర్సన్ 1985లో తెచ్చిన పుస్తకంతో ఒక స్థిరమైన రూపం వచ్చింది.

నాన్నగారి అక్కచెల్లెళ్లను గీస్తుంటే ఒక మేనత్త గురించి నాకేమీ తెలియదని అర్థమైంది. కాకినాడలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. "ఇవన్నీ తవ్విస్తారా మీ చదువులో?" అని కాసేపు ఊరుకుంది. తర్వాత తనే చెప్పింది. అత్త మూడుసార్లు పుట్టింటికి వచ్చేసిందట. మూడుసార్లూ తాతయ్యే సర్దిచెప్పి బస్సెక్కించి వచ్చారట. నాలుగోసారి ఆమె రాలేదు, కబురొచ్చింది. "అందరూ మంచివాళ్లేనే. సర్దుకుపొమ్మనే చెప్పారు" అంది అమ్మ.

ఆ వృత్తంలో ఇంటూ మార్కు పెడుతుంటే నా వంటగదిలో నేనన్న మాట గుర్తొచ్చింది.

మూడు వేల గంటలు

ఈ చదువుపై ఆసక్తి ఉన్నవారి కోసం కొన్ని వివరాలు. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి. కాలిఫోర్నియాలో 60 సెమిస్టర్ యూనిట్ల మాస్టర్స్ చేయాలి. చదువుతుండగానే ప్రాక్టికమ్‌లో నిజమైన క్లయింట్లను చూడాలి. డిగ్రీ అయ్యాక బోర్డ్ ఆఫ్ బిహేవియరల్ సైన్సెస్‌లో అసోసియేట్‌గా నమోదు చేసుకోవాలి. సూపర్‌వైజర్ పర్యవేక్షణలో మొత్తం 3,000 గంటలు, కనీసం 104 వారాలు పనిచేయాలి. అందులో కనీసం 500 గంటలు దంపతులు, కుటుంబాలు, పిల్లలతోనే గడపాలి. చట్టం, నైతిక నియమాలపై ఒకటి, క్లినికల్ అంశాలపై ఒకటి, మొత్తం రెండు పరీక్షలు పాసైతేనే లైసెన్స్. మందులు రాసే అధికారం మాకుండదు, అది సైకియాట్రిస్టుల పని.

"మేం చెప్పింది బయటికి పోదు కదా?" అన్నది మనవాళ్ల పెద్ద భయం. గోప్యత చట్టబద్ధమైన బాధ్యత. అయితే దానికి హద్దులున్నాయి. పిల్లలపైనో వృద్ధులపైనో హింస జరుగుతోందని అనుమానం వస్తే మేం తెలియజేయాల్సిందే. ఇంకొకరి ప్రాణానికి ముప్పుంటే వాళ్లను కాపాడే చర్యలు తీసుకోవాలి. దీని వెనకున్న కేసులో మన దేశం ప్రస్తావన కూడా ఉంది. 1969లో బర్క్‌లీలో టటియానా టరసాఫ్ అనే విద్యార్థినిని, భారత్ నుంచి వచ్చి చదువుకుంటున్న యువకుడు హత్య చేశాడు. చంపాలన్న ఉద్దేశం అతను ముందే థెరపిస్టుకు చెప్పాడు, ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ కేసులోనే 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు థెరపిస్టుల బాధ్యతను స్పష్టం చేసింది.

తెలిసినవాళ్లకు థెరపీ చేయకూడదన్నది మరో నియమం. ఉగాది వేడుకలో క్లయింట్ ఎదురైతే వాళ్లు పలకరించేదాకా మేం పలకరించం. తెలుగువాళ్లంతా ఒకరికొకరు తెలిసిన ఊళ్లో ఇది కష్టమే. అందుకే ఒక్కరు కాదు, తెలుగులో వినగలిగేవాళ్లు ఊరికి నలుగురైనా కావాలి. అమ్మమ్మ బాధను పన్నెండేళ్ల మనవరాలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సిన పరిస్థితి రాకూడదు.

ఈలోగా ఎవరికైనా ప్రాణాల మీదికొచ్చే ఆలోచనలుంటే 988కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పంపొచ్చు. ఇంట్లో హింస ఉంటే 1-800-799-7233 నంబరుంది.

మొన్న అమ్మే ఫోన్ చేసింది. పక్కింటివాళ్లమ్మాయి అత్తింటి నుంచి వచ్చేసిందట, పొద్దున్నే మా ఇంటికొచ్చి కూర్చుందట. "ఏం చెప్పావమ్మా?" అన్నాను భయంభయంగా.

"ఏం చెప్పలేదు. అన్నం పెట్టి, పక్కన కూర్చున్నాను" అంది.