తొలి మాట చెప్పుకునేది తోటివారికే

కుంగిపోతున్న విద్యార్థి నోరు విప్పిన క్షణంలో వినడానికి ఒక మనిషి ఉండాలి. ఆ తర్వాత ఆ విద్యార్థి సరైన వైద్య సాయం దాకా చేరాలి. విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులే పూనుకుని నడిపే మానసిక ఆరోగ్య కార్యక్రమాలు ఈ రెండు పనుల కోసమే పుట్టాయి. కౌన్సెలర్ గదిలోకి అడుగు పెట్టడానికి జంకేవారు కూడా రూమ్మేట్‌తోనో, సొంత ఊరి సీనియర్‌తోనో మనసులో మాట చెప్పుకుంటారు. ‘నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో’ అన్న భయం అక్కడ కాస్త తక్కువ. తోటివారి తోడ్పాటుకు బలం అక్కడి నుంచే వస్తుంది.

రాయ్‌పూర్ చదువుల లోకం

ఇలాంటి తోడ్పాటు ఎందుకు అవసరమో చూడటానికి ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పాతికేళ్లలో అది పెద్ద చదువుల కేంద్రంగా ఎదిగింది. 1956లో గనులు, లోహశాస్త్ర కళాశాలగా మొదలై 2005లో జాతీయ సంస్థగా మారిన ఎన్‌ఐటీ, 1964 నాటి పండిత రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం, 2012లో ప్రారంభమైన ఎయిమ్స్ పాత నగరంలో ఉన్నాయి. ప్రణాళిక వేసి కట్టిన కొత్త నగరం నవ రాయ్‌పూర్‌లో హిదాయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, ఐఐఎం, ట్రిపుల్ ఐటీ వెలిశాయి. వీటి స్థాపన సంవత్సరాలు వరుసగా 2003, 2010, 2015.

ఎన్‌ఐటీలో సగం సీట్లు ఇతర రాష్ట్రాలవారివి. న్యాయ విశ్వవిద్యాలయంలో చేరేవారు దేశమంతటికీ ఒకటే అయిన క్లాట్ పరీక్ష రాసి వస్తారు. అందుకే ఈ ప్రాంగణాల్లో తెలుగు పిల్లలతో సహా అన్ని రాష్ట్రాలవారూ కనిపిస్తారు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ఇల్లు వదిలి, బయట హిందీ, ఛత్తీస్‌గఢీ వినిపించే ఊళ్లో, కొత్త మెస్ తిండికి అలవాటు పడుతూ, తరగతిలో ఇంగ్లీషుతో కుస్తీ పడాలి. నవ రాయ్‌పూర్ ప్రాంగణాలు పాత నగరపు సందడికి దూరంగా ఉంటాయి. సెలవు రోజున స్నేహితుల గది తప్ప వెళ్లడానికి చోటు తక్కువ. ఇంటి బెంగ, మొదటి సెమిస్టర్ మార్కుల దెబ్బ, బ్యాక్‌లాగులు, విద్యా రుణం, ప్లేస్‌మెంట్ల గుబులు ఒకదాని మీద ఒకటి పేరుకునేది ఇలాంటి చోటే.

రోజువారీ జీవన పరిస్థితులకూ మనసుకూ దగ్గరి సంబంధం ఉంది. 2018 ఆగస్టు చివర్లో హిదాయతుల్లా విశ్వవిద్యాలయం విద్యార్థులు హాస్టల్, లైబ్రరీ వేళల ఆంక్షలను వ్యతిరేకిస్తూ రాత్రిపూట బైఠాయించి దేశం దృష్టిని ఆకర్షించారు. అది మానసిక ఆరోగ్యం పేరుతో సాగిన ఉద్యమం కాదు. అయినా ఎప్పుడు చదవాలో, ఎప్పుడు బయటికి వెళ్లాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మనశ్శాంతిలో భాగమని అది గుర్తు చేసింది.

అంకెలు చెప్పే సంగతి

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంక సంస్థ నమోదు చేసింది. అన్ని వయసులవారినీ లెక్కిస్తే ఆ ఏడాది లక్ష జనాభాకు దేశ సగటు 12.4 కాగా, ఛత్తీస్‌గఢ్‌లో 28.2. తెలంగాణ రేటు కూడా దేశ సగటుకు రెట్టింపు పైనే.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015–16లో ఛత్తీస్‌గఢ్‌తో సహా 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని అందులో తేలింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మానసిక రుగ్మతల్లో ముప్పావు వంతు 24 ఏళ్లలోపే మొదలవుతాయని 2005లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. అంటే జబ్బు తల ఎత్తే వయసూ, హాస్టల్లో ఉండే వయసూ ఒకటే. దాన్ని ముందుగా చూడగలిగేది పక్క మంచం మీది స్నేహితుడు లేదా స్నేహితురాలు.

ఈ పద్ధతి ఎక్కడిది?

బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1970లో ‘నైట్‌లైన్’ మొదలైంది. రాత్రివేళ విద్యార్థులు చేసే ఫోన్లకు విద్యార్థులే బదులిచ్చే సేవ ఇది. తర్వాత అనేక విశ్వవిద్యాలయాలకు పాకింది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం విద్యార్థిని అలిసన్ మాల్మన్ అన్నను ఆత్మహత్యలో పోగొట్టుకుని, 2001లో తన ప్రాంగణంలో ఒక విద్యార్థి బృందాన్ని ఏర్పాటు చేసింది. అదే నేటి ‘యాక్టివ్ మైండ్స్’ సంస్థ. తెలుగునాట 1997 నుంచి హైదరాబాద్‌లో ‘రోష్ని’ స్వచ్ఛంద కార్యకర్తలు బాధలో ఉన్నవారి మాట వింటున్నారు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ‘సన్‌షైన్’ కౌన్సెలింగ్ విభాగంలో నిపుణులైన కౌన్సెలర్లతో పాటు విద్యార్థి మెంటర్లు, కొత్తవారికి తోడుండే ‘బడ్డీలు’ పనిచేస్తారు. రాయ్‌పూర్ వంటి చోట్ల విద్యార్థులు పని మొదలుపెట్టాలంటే ఈ నమూనా చాలా దగ్గరగా ఉంటుంది.

పని జరిగే తీరు

మొదటి మెట్టు ఎంపిక. మంచి మార్కులో, మంచి ఉపన్యాసమో ఇక్కడ కొలమానం కాదు. ఓపికగా వినగలగాలి, విన్నది కడుపులో దాచుకోగలగాలి. రెండో మెట్టు శిక్షణ. అది మానసిక వైద్యులో, క్లినికల్ సైకాలజిస్టులో ఇవ్వాలి. మధ్యలో అడ్డుపడకుండా వినడం, తీర్పు చెప్పకపోవడం, ‘ఇంత చిన్నదానికేనా’ అనకపోవడం నేర్చుకోవాలి. నిద్ర పట్టకపోవడం, భోజనం మానేయడం, తరగతులకు రాకపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, బతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడటం వంటి గుర్తులను పసిగట్టాలి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం అపోహ. మెల్లగా, సూటిగా అడిగితే ఎదుటివారికి ఊరట కలుగుతుంది.

మూడోది చేరవేయడం. కౌన్సెలర్ దగ్గరికి తోడు వెళ్లడం, అవసరమైతే ఆసుపత్రిలో పక్కన కూర్చోవడం ఇందులో భాగాలు. రహస్యం కాపాడతామన్న మాటకు ఒక్కటే మినహాయింపు: ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే వెంటనే పెద్దలకు, వైద్యులకు చెప్పాలి. ఈ షరతును మొదటి రోజే అందరికీ తెలియజేయడం న్యాయం.

ఏటా అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం జరుపుతారు. పోస్టర్లు, వీధి నాటకాలు ఆ రోజుకు బాగానే ఉంటాయి. అసలు అవసరం పడేది కొత్తవారు చేరిన తొలి వారాల్లో, పరీక్షల ముందు, ఫలితాలు వచ్చినప్పుడు, ప్లేస్‌మెంట్ల కాలంలో. బృందం క్యాలెండర్ వాటి చుట్టూ తిరగాలి. భాష కూడా ముఖ్యమే. ఇంగ్లీషులో ‘ఐ యామ్ ఫైన్’ అని ముగించే తెలుగు విద్యార్థి, తెలుగు తెలిసిన సీనియర్ ఎదురుపడితే అసలు సంగతి చెప్పవచ్చు.

హద్దులు, బాధ్యతలు

తోటి విద్యార్థి వైద్యుడు కాదు. రోగనిర్ధారణ చేయడం, మందులు చెప్పడం, రాత్రంతా ఒక్కరే ఒకరి ప్రాణభారం మోయడం ఆ పనిలోకి రావు. వినేవారికీ పరీక్షలు ఉంటాయి, అలసట ఉంటుంది. ఇద్దరిద్దరుగా పనిచేయడం, వంతులు వేసుకోవడం, తమ బరువు దించుకోవడానికి నిపుణులతో తరచూ కూర్చోవడం వారికీ అవసరమే.

విద్యార్థులు ముందుకొచ్చారని యాజమాన్యం తన బాధ్యత దించుకోకూడదు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవల్లో మానసిక వైద్యాన్ని ప్రతి వ్యక్తి హక్కుగా గుర్తించింది. ఉన్నత విద్యాసంస్థల్లో ఆత్మహత్యల నివారణకు సుప్రీంకోర్టు 2025 మార్చిలో మాజీ న్యాయమూర్తి రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని నియమించింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో 2025 జులై 25న తీర్పు ఇస్తూ దేశమంతటికీ మార్గదర్శకాలు ప్రకటించింది. వాటి ప్రకారం వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. విద్యార్థి బృందాలు తమ ప్రాంగణంలో ఇవి అమలవుతున్నాయో లేదో అడగవచ్చు. అడగడం కూడా సేవే.

రాయ్‌పూర్‌లో ఉన్నా, రాజమండ్రిలో ఉన్నా సాయం ఒక్క ఫోన్ దూరంలో ఉంది. 2022 అక్టోబర్ 10న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేసే ఈ ఉచిత సేవ తెలుగుతో సహా 20 భాషల్లో అందుతుంది. ప్రతి హాస్టల్ గది తలుపు మీదా ఈ నంబరు ఉండాలి. పక్క గది తలుపు రెండు రోజులుగా తెరుచుకోకపోతే వెళ్లి తట్టండి, ‘తిన్నావా’ అని అడగండి.